ఆరువందల జతలు

ఆ కుట్టుపని షెడ్డులో నలభై రెండు మంది పనిచేస్తారు. కటింగ్ మాస్టారిని అసలు పేరుతో పిలిచేవాళ్ళు వాళ్ళలో ఒక్కరూ లేరు. అందరికీ ఆయన "ఏమో మాస్టారు". రేపు సెలవట మాస్టారూ అంటే "ఏమో" అంటారు. వాన వెలిసిందండీ అంటే, కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, చుక్క తగలకపోయినా "ఏమో, చూద్దాం" అంటారు. పెళ్ళినాడు రిజిస్టరులో సంతకం పెట్టమంటే ముందు పేజీ, వెనక పేజీ తిప్పి చదివి, సాక్షుల సంతకాలు తడి ఆరాయో లేదో వేలితో తడిమి చూశారట. ముప్ఫై ఏళ్ళయినా ఆయన భార్య ఆ ముచ్చట చెప్పుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతుంది. బస్ స్టేషన్‌లో టికెట్ల కిటికీ వెనక కూర్చునే ఆవిడకి ఎదటి మనిషిని నమ్మకపోతే పూట గడవదు. ఈయనకి నమ్మితే గడవదు. అలాంటి ఇద్దరూ ఒకే కప్పు కింద ఇన్నేళ్ళు వేగారంటే మెచ్చుకోవాల్సిందే.

ఆయన అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, గుడ్డ నేర్పింది. నలభై మీటర్లని చీటీ అంటించిన తానులో ముప్ఫై తొమ్మిదిన్నరే ఉండటం, ఉతికినా ముడుచుకుపోదని ఒట్టేసి అంటగట్టిన గుడ్డ మొదటి ఉతుకుకే జానెడు తగ్గటం, ఇలాంటివి చూసి చూసి రాటుదేలారు. తప్పు జరిగితే తిట్లు తినేది గుడ్డ పంపినవాడు కాదు, దాన్ని కోసినవాడు. అందుకని కోత బల్ల దగ్గర ఆయన చీటీని నమ్మరు, సుద్దగీతని నమ్మరు, కళ్ళజోడు తుడుచుకుంటే తప్ప తన కళ్ళనే నమ్మరు. అంతవరకూ బాగానే ఉంది. ఆ గుణాన్ని సాయంత్రం షెడ్డులోనే వదిలేసి ఇంటికి రాలేకపోవటమే ఆయనతో వచ్చిన చిక్కు.

షెడ్డులో కుట్టేవి సైనికుల బట్టలు. ఇక్కడే ఉండేవాళ్ళకి ఆకుపచ్చ, సముద్రం అవతల యుద్ధానికి వెళ్ళేవాళ్ళకి ఇసుకరంగు. ఆ యుద్ధం మొదలై పదకొండో ఏడు నడుస్తోంది. అది జరిగే దేశాన్ని మ్యాపులో చూపించమంటే షెడ్డులో సగంమంది వేలు ఏ సముద్రంలోనో పడుతుంది. ఇసుకరంగు మాత్రం అందరికీ తెలుసు. మాస్టారు రోజూ పేపరు చదువుతారు గానీ యుద్ధం సంగతి తెలుసుకోవటానికి కాదు. దానికి ఆయనకి గుడ్డ చాలు. "సైన్యాన్ని క్రమంగా తగ్గిస్తున్నాం" అని మంత్రిగారు పేపర్లో చిరునవ్వు నవ్విన వారంలోనే, రెండు లారీల ఇసుకరంగు తానులు గోడౌన్లో దిగటం ఆయన కళ్ళారా చూశారు. ఆ పేపరుని బల్ల మీద పరిచి సుద్దముక్కలు దానిమీద పోసుకున్నారు.

ఆయనకి ఇంకో లెక్క కూడా తెలుసు. అక్కడున్న పాతవాళ్ళకి బట్టలు పంపేటప్పుడు చొక్కాల కన్నా ప్యాంట్లు రెట్టింపు వెళతాయి. మోకాళ్ళు ముందు చిరుగుతాయి. చొక్కా ఇంకో ఏడాది ఆగుతుంది, కోటు ఇంకా ఎక్కువ ఆగుతుంది. కొత్తవాళ్ళు బయలుదేరేటప్పుడు మాత్రం మూడూ సమానంగా ఉంటాయి. ఇది ఎవరూ ఆయనకి చెప్పలేదు, ఏ కాగితంలోనూ రాసి లేదు. పదకొండేళ్ళు కోసిన మీదట ఆయనే పట్టుకున్నారు.

ఆ యుద్ధానికి ఇంకో నాలుగు వేల మందిని పంపాలా వద్దా అని పార్లమెంటులో మూడు రోజుల చర్చ పెట్టారు. సోమవారం మొదలు, బుధవారం మధ్యాహ్నం ఓటింగు. సరిగ్గా ఆ సోమవారం పొద్దున్నే స్టోర్సు ఆఫీసరు కొత్త ఆర్డరు తీసుకుని షెడ్డుకి వచ్చాడు. నున్నటి గడ్డం, చంకలో ఫైలు, ఎప్పుడు చూసినా ఇంకో చోటికి ఆలస్యమైపోతున్న వాలకం. ఆర్డరంతా ఇసుకరంగే. చొక్కాలు ఆరువందలు, ప్యాంట్లు ఆరువందలు, కోట్లు ఆరువందలు.

మాస్టారు కాగితం అందుకుని కళ్ళజోడు తుడుచుకున్నారు.

"ఇవి ఎవరికి సార్?"

"సైనికులకి. మరి పెళ్ళివారికనుకున్నారా?"

"మూడూ సమానంగా ఉన్నాయి. పాతవాళ్ళకైతే ప్యాంట్లు ఎక్కువుండాలి కదండీ. ఇది కొత్తవాళ్ళ లెక్క."

ఆఫీసరు పెన్ను మూత బిగించి, జేబులో పెట్టుకుని, అప్పుడు మొహం ఎత్తాడు. "మాస్టారూ, మీ పని కొయ్యటం. మిగతాది చూసుకోవటానికి జీతాలిచ్చి మమ్మల్ని పెట్టారు. మొదటి లాటు బుధవారం సాయంత్రానికి తయారుగా ఉండాలి."

"పంపాలో వద్దో అప్పటికి తేలదేమో సార్. ఓటింగు మూడింటికి కదా?"

"మీరు రేడియో తక్కువ వినండి" అని ఆఫీసరు వెళ్ళిపోయాడు. అడిగినదానికి సమాధానం చెప్పకుండా సలహా ఇచ్చి పోయేవాడిని మాస్టారు జన్మలో నమ్మరు.

రేడియో ఇస్త్రీ బల్ల పైన అరలో ఉంటుంది. ఆ రోజు పాటలు లేవు, చర్చే. పదకొండేళ్ళు పడ్డ కష్టాన్ని ఒడ్డుకి చేరేముందు వదిలేస్తామా, ఇంకో నాలుగు వేల మంది వెళితే రెండేళ్ళలో ముగుస్తుంది అని ఒకాయన గొంతు చించుకున్నాడు. పోయినసారీ రెండేళ్ళే అన్నారు, అంతకుముందూ రెండేళ్ళే అన్నారు, మీ రెండేళ్ళకి ఎన్ని నెలలండీ అని ఇంకొకాయన అడిగాడు. సభంతా నవ్వింది. షెడ్డులోనూ కొందరు నవ్వారు. కాజాల అక్క నవ్వలేదు.

కాజాల అక్క అంటే కాజాలు కుట్టే మిషను దగ్గర కూర్చునే మనిషి. గుండీ పట్టే చిల్లు కుట్టటంలో ఆవిడని కొట్టినవాళ్ళు లేరు. ఆవిడ తమ్ముడు ఏడాదికని ఆ యుద్ధానికి వెళ్ళాడు. మూడేళ్ళయింది.

"నవ్వుతారు మీకేం" అందావిడ మిషను ఆపి. "కొత్తవాళ్ళు వెళితేనే కదా మావాడు దిగేది? వద్దు వద్దు అని బల్లలు గుద్దేవాళ్ళ తమ్ముళ్ళు అక్కడున్నారా ఏమన్నా?"

"కొత్తవాళ్ళు వెళితే పాతవాళ్ళు దిగుతారని ఎవరన్నారక్కా?" అన్నారు మాస్టారు.

"అందరూ అంటున్నారు."

"ఏమో."

"మీ అబ్బాయి ఊళ్ళో బ్యారక్సులో కూర్చుని ఇంజన్లు తుడుస్తున్నాడు కాబట్టి మీకు ఏమో! ఆ కత్తి కొంచెం గట్టిగా నడపండి మాస్టారూ. మీరు కావాలనే నెమ్మదిగా కోస్తున్నారేమో అని నాకు అనుమానంగా ఉంది."

జీవితమంతా అందర్నీ అనుమానించిన మనిషిని ఎవరో తిరిగి అనుమానిస్తే ఎలా ఉంటుందో ఆయనకి అప్పుడు తెలిసొచ్చింది. బాగా గుచ్చుకుంది. కత్తి మిషను నడిపారు.

మంగళవారం విడికొలతల కాగితాలు వచ్చాయి. బట్టలు పన్నెండు సైజుల్లో కుడతారు. ఆ పన్నెండింట్లో ఇమడనివాళ్ళకి మనిషికొక కాగితం వస్తుంది. పేరుండదు. వరస నెంబరు, కొలతలు, కొలిచిన తేదీ, అంతే. పొట్ట ముందుకొచ్చినవాళ్ళు, మెడ మరీ సన్నవాళ్ళు, నిచ్చెన వేస్తే గానీ కాలరు అందని పొడుగువాళ్ళు. ఆ కాగితాల్ని మాస్టారు ఇంకెవరి చేతికీ ఇవ్వరు, అన్నీ తనే కోస్తారు. ఈసారి ఇరవై ఆరు వచ్చాయి. పద్నాలుగో కాగితం దగ్గర ఆయన చేతిలో సుద్ద ఆగిపోయింది.

ఎడమచెయ్యి కుడిచేతికన్నా ఒకటిన్నర అంగుళాలు తక్కువ.

ఆయన కొడుకు తొమ్మిదేళ్ళప్పుడు స్కూలు గోడ మీదనుంచి దూకి చెయ్యి విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుకు సరిగ్గా పడక ఆ చెయ్యి ఒకటిన్నర అంగుళాలు పొట్టిగా ఉండిపోయింది. లోకంలో ఇలాంటి చెయ్యి ఇంకొకడికి ఉండకూడదని ఏం లేదని, మాస్టారు తన అలవాటు ప్రకారం మిగతా కొలతలు కూడా చూశారు. ఛాతీ ముప్ఫై ఎనిమిది. మెడ పదిహేను. నడుము ముప్ఫై ఒకటి. భుజం పదిహేడున్నర. పోయిన పుట్టినరోజుకి కొడుక్కి కుట్టిన చొక్కా కొలతలు ఆయనకి కంఠతా వచ్చు. ఒక్కటి కూడా తేడా లేదు. ఒక చెయ్యి పొట్టి అయితే సైన్యంలోకి తీసుకోరులే అని ఒకప్పుడు ఆయన గుండెమీద చెయ్యేసుకుని నిద్రపోయారు. లారీ ఇంజన్లు విప్పి బిగించే పనికి అది అడ్డుకాదని వాళ్ళు తీసుకున్నారు. మా దళం యుద్ధానికి వెళ్ళేది కాదు నాన్నా, ఇక్కడి బండ్లు ఎవరు చూస్తారు అని కొడుకు చెబితే, దానికి కూడా ఏమో అన్నారు.

ఇప్పుడు స్టూలు మీద కూలబడ్డారు. అంతలోనే బుర్ర తనకి అలవాటైన దారిలో పరుగెత్తింది. వీడి పేరు ఎవరెక్కించారు? కెప్టెనుకి వీడంటే పడదా? నిన్న ప్రశ్నలు వేసినందుకు స్టోర్సు ఆఫీసరు కక్ష తీర్చుకున్నాడా? ఎన్నికలప్పుడు ఇంటింటికీ తిరిగి, నేనుండగా ఇంకో సైనికుణ్ణి పంపనివ్వను అని చేతులు పట్టుకున్న మన పార్లమెంటు మెంబరు వెనకనుంచి సంతకం పెట్టాడా? ఒక్కొక్కళ్ళనీ పిలిచి మనసులో విచారణ జరిపారు. చివరికి తేదీ చూశారు. కొలతలు తీసి మూడు వారాలైంది. పార్లమెంటులో చర్చ పెడతామని ప్రకటించింది పోయిన వారం!

"దొంగలు" అన్నారు మాస్టారు పైకే. ఇస్త్రీ చేసేవాడు తననే అన్నారనుకుని ఉలిక్కిపడ్డాడు.

ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. షెడ్డునుంచి గుండీ కూడా ఇంటికి పట్టుకెళ్ళని మనిషి. తరవాత ఆఫీసు గదిలో ఫోను తీసి బ్యారక్సుకి చేసి, సాయంత్రం ఇంటికి ఒకసారి రమ్మని కొడుక్కి కబురు పెట్టారు.

వాడు ఆరింటికి వచ్చాడు. తల్లి కూడా అప్పుడే డ్యూటీ దిగి వచ్చి కాళ్ళు చాపుకుని కూర్చుంది. మాస్టారు వాళ్ళిద్దరినీ కిటికీ పక్క బల్ల దగ్గర కూర్చోబెట్టి, జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, అరచేత్తో సాపు చేశారు. ప్రభుత్వం మొత్తాన్ని కాలరు పట్టుకుని ఇంటికి ఈడ్చుకొచ్చినంత ధీమాగా ఉన్నారు.

"చూడు. నీకు తెలియకుండా నీ కొలతలు తీశారు, లిస్టులో ఎక్కించారు. తేదీ చూడు. అక్కడ చర్చంతా నాటకం. రేపు దీన్ని పేపరువాళ్ళకి చూపిస్తాను."

కొడుకు కాగితం వైపు చూడలేదు. తల్లి వైపు చూశాడు. ఆవిడ కిటికీలోంచి వీధిలోకి చూసింది. ఈ చూపులు మాస్టారు కనిపెట్టకపోతే ఇంకెవరు కనిపెడతారు?

"ఏంటి? ఏంటి సంగతి?"

"నాకు తెలియకుండా కొలతలెలా తీస్తారు నాన్నా?" అన్నాడు కొడుకు. "నేనే పేరిచ్చాను."

మాస్టారు భార్య వైపు తిరిగారు. "నీకు తెలుసా?"

"మూడు వారాల కిందట చెప్పాడు. టికెట్ల లైన్లో నిలబడి, వాడి వంతు వచ్చాక కిటికీలోంచి చెప్పాడు. వెనక పదిమంది ఉన్నారు. నేను ఏడవకుండా ఉండాలని అక్కడ చెప్పాడట."

"నాకెందుకు చెప్పలేదు?"

"చెబితే మీరేమంటారు? వాడి మాట వింటారా? కెప్టెన్ని అనుమానిస్తారు, డాక్టర్ని అనుమానిస్తారు, చివరికి వాణ్ణి ఎవరో మందు పెట్టి లొంగదీశారంటారు." ఆవిడ గొంతులో కోపం లేదు, అలసట ఉంది. అదే ఆయనకి ఎక్కువ బాధేసింది.

ఎందుకిచ్చావురా అని అడిగితే కొడుకు నెమ్మదిగా చెప్పాడు. దళం వెళ్ళకపోయినా, పేరిచ్చి వెళ్ళిన వాళ్ళ మెకానిక్కులు పద్దెనిమిది మంది అక్కడ ఉన్నారు. ఏడాదికని వెళ్ళినవాళ్ళకి మూడో ఏడు వచ్చింది. అందులో ఒకడు వీడికి పని నేర్పినవాడు. వాడికి పుట్టిన పిల్ల నడుస్తోంది, మాట్లాడుతోంది, తండ్రిని ఫోటోలోనే చూసింది. ఇక్కడినుంచి ఒకడు వెళితే అక్కడినుంచి ఒకడు దిగుతాడు. మనిషికి మనిషి.

"ఎవరన్నారు?"

"మా కెప్టెను."

"కాగితం మీద రాసిచ్చాడా?"

"మాటిచ్చాడు నాన్నా."

"ఒరే, నేను చెప్పేది విను. ఎవరైనా తిరిగొస్తే వాళ్ళ కోట్లు మా షెడ్డుకి మూటల్లో వస్తాయి. చిరుగులు కుట్టి, గుండీలు మార్చి మళ్ళీ ఇస్తాం. ఇంతకుముందు రెండుసార్లు మనిషికి మనిషి అన్నారు. మొదటిసారి నాలుగొందల కొత్త కోట్లు వెళ్ళాయి. తిరిగొచ్చిన పాత కోట్లు ముప్ఫై ఒకటి. రెండోసారి మూటే రాలేదు. నేను కళ్ళతో చూశాను."

కొడుకు కాగితాన్ని తండ్రి వైపు జరిపాడు. "కోట్లు అక్కడే వదిలేసి వచ్చుండొచ్చుగా?"

"ఏమో" అన్నారు మాస్టారు, నోరు జారి.

"చూశావా? నువ్వే ఏమో అంటున్నావు." వాడు నవ్వాడు గానీ కళ్ళు నవ్వలేదు. "నాన్నా, నేను క్లాసులో ఫస్టు వచ్చానంటే నువ్వు టీచరుకి ఫోను చేసి కనుక్కున్నావు. ఉద్యోగం కాగితం చూపిస్తే సీలు అసలుదో కాదో అని వెలుతురుకి పట్టి చూశావు. నా మాట ఒక్కసారైనా నమ్మావా? ఇప్పుడు నీ మాట నేను నమ్మాలా?"

నిజమే కదా. తన చేతిలో ఉన్న ఒకే ఒక్క గట్టి సంగతిని, అక్కర్లేని వెయ్యి అనుమానాల మధ్య కలిపేసుకుని, ఎవరూ నమ్మకుండా చేసుకున్నది తనే. పేరు వెనక్కి తీసుకోవటానికి వీల్లేదా అని అడిగారు.

కొడుకు సంచిలోంచి ఒక పత్రం తీసి బల్ల మీద పెట్టాడు. ఒక్కడే సంతానం అయితే, తల్లో తండ్రో ఈ అభ్యంతర పత్రం మీద సంతకం పెట్టి బ్యారక్సు పక్కనున్న రికార్డు ఆఫీసులో ఇవ్వాలి. బుధవారం సాయంత్రం ఐదింటిలోపు ఇస్తే పేరు తీసేస్తారు. ఐదు దాటితే ఇంకేం చెయ్యలేరు.

"మూడు వారాల్నుంచి సంచిలో ఉంది. చింపేద్దామనుకున్నాను, చింపలేదు. ఇది నీ హక్కు, నేను కాదనను. కానీ నువ్వది ఇచ్చావంటే, నాకు పని నేర్పినవాణ్ణి అక్కడే ఉంచింది మా నాన్న అని నేను మర్చిపోలేను. ముందే చెబుతున్నాను." తల్లి పెట్టిన అన్నం తినకుండానే లేచి వెళ్ళిపోయాడు.

మాస్టారు ఆ పత్రాన్ని నాలుగుసార్లు చదివారు, తిరగేసి వెనక ఏమీ లేదని చూశారు, సంతకం పెట్టారు. ఎవరి బుర్రతో ఆలోచించినా అది చెయ్యాల్సిన పనే. కొడుకు కోపంతోనైనా ప్రాణంతో ఎదుట తిరుగుతుంటాడు.

"పొద్దున్నే ఇవ్వకండి" అంది భార్య. "మూడింటికి ఓటింగు ఉందిగా. పార్లమెంటు వద్దంటే వాడు ఎలాగూ వెళ్ళడు. అప్పుడు వాడితో వైరం దేనికి? మీకు ఐదింటిదాకా టైముంది."

ఆ మాట ఆయనకి సబబుగానే తోచింది. షెడ్డునుంచి రికార్డు ఆఫీసుకి బస్సులో ఇరవై నిమిషాలు. మూడున్నరకి బయలుదేరినా సరిపోతుంది.

బుధవారం కోత సాగుతూనే ఉంది. రేడియోలో అరుపులూ సాగుతూనే ఉన్నాయి. మాస్టారు పద్నాలుగో కాగితాన్ని మళ్ళీ కట్టలో కలిపేసి, దాన్ని మాత్రం అందరికన్నా అడుగున పెట్టారు. మూడు కావస్తుండగా మిషన్లన్నీ ఒకటొకటిగా ఆగాయి. ఓటింగు మొదలైంది. ఒక్కొక్క నియోజకవర్గం పేరు చదువుతుంటే ఒక్కొక్క గొంతు అవుననో కాదనో చెబుతోంది. మన మెంబరు వంతు వచ్చింది. వాడి మొహం, ఎటు గాలి వీస్తే అటు వంగుతాడు అని మాస్టారు నాలుగేళ్ళుగా తిట్టిన మెంబరు, గొంతు సవరించుకుని, "వద్దు" అన్నాడు. మాస్టారు నోరు తెరుచుకుని రేడియో వైపు చూశారు.

అనుకూలం నూట నలభై ఎనిమిది. వ్యతిరేకం నూట యాభై ఒకటి. తీర్మానం వీగిపోయింది.

షెడ్డు ఎగిరి గంతేసింది. ఇస్త్రీ చేసేవాడు కోటుని తలమీద వేసుకుని ఊపాడు. ఎవరో మాస్టారి వీపు చరిచి, "ఇప్పుడేమంటారు? ఏమో అనండి, చూద్దాం!" అన్నారు. మాస్టారికి ఆ మాట రాలేదు. మూడు ఓట్లు! అందులో ఒకటి తను అబద్ధాలకోరని తిట్టినవాడిది. తను ఇన్నాళ్ళూ నాటకమన్న చోట నిజంగానే మనుషులు కూర్చుని, నిజంగానే లెక్కపెట్టి, నిజంగానే వద్దన్నారు. నవ్వారు. ఆయన నవ్వటం చూసి షెడ్డంతా మళ్ళీ నవ్వింది.

కాజాల అక్క ఒక్కతే మిషను మీద తల వాల్చి ఏడుస్తోంది. మాస్టారు వెళ్ళి ఆవిడ పక్కన నిలబడ్డారు. నీళ్ళ గ్లాసు తెచ్చి పెట్టారు.

మూడున్నర అయింది. చొక్కా జేబులో పత్రం గరగరలాడింది. ఇచ్చేస్తే పోలేదా అని కాళ్ళు ఒకసారి తలుపు వైపు వెళ్ళాయి కూడా. అంతలోనే కొడుకు మొహం గుర్తొచ్చింది. ఎవర్నీ పంపటం లేదని దేశం మొత్తం విన్నాక కూడా, ఈ తండ్రి పరుగెత్తుకెళ్ళి అభ్యంతరం అని కాగితం ఇచ్చాడంటే, వాడు జన్మంతా ఏమనుకుంటాడు? అన్నమాట నమ్మడు, విన్నమాట నమ్మడు, పార్లమెంటు లెక్కపెట్టి చెప్పినా నమ్మడు. వాడితో వైరం దేనికి అని భార్య అంది. ఒక్కసారి, జీవితంలో ఈ ఒక్కసారి, అందరిలాగా నమ్మితే ఏం పోయింది? మాస్టారు వెనక్కి వచ్చి స్టూలు మీద కూర్చున్నారు. ఎవరో టీ ఇస్తే రెండు చేతులతో పట్టుకుని నెమ్మదిగా తాగారు. అంత రుచిగా ఆయన ఎప్పుడూ టీ తాగలేదు.

ఐదూ ఇరవైకి స్టోర్సు ఆఫీసరు లారీతో వచ్చాడు.

"మొదటి లాటు తయారా?"

"ఇంకా ఎందుకు సార్?" అన్నాడు ఇస్త్రీ చేసేవాడు. "ఎవర్నీ పంపటం లేదుగా."

"ఎవరన్నారు?" ఆఫీసరు ఫైలు తెరిచాడు. "ఓటింగు పెట్టింది అదనంగా పంపే నాలుగు వేల మందికి. అక్కడున్నవాళ్ళ స్థానంలోకి వెళ్ళేవాళ్ళు అదనం కిందకి రారు. దానికి పార్లమెంటు ఓటు అక్కర్లేదు. ఈ ఆరువందల మందీ శుక్రవారం బయలుదేరుతున్నారు. తీర్మానం వీగిపోయింది కాబట్టి ఒకరోజు ముందుకే జరిపారు. కానివ్వండి, కానివ్వండి."

ఆరువందలు. నాలుగు వేలు కాదు, ఆరువందలు. సోమవారం పొద్దున్నే ఆ అంకె ఆయన చేతికొచ్చింది. తేదీ మంగళవారం చేతికొచ్చింది. అన్నీ ముందే చూశారు, అన్నీ సరిగ్గానే అనుమానించారు. చివరి రెండు గంటలు మాత్రం అనుమానించటం మానేశారు.

కాజాల అక్క మొహం తుడుచుకుని గబగబా వచ్చింది. "స్థానంలోకి అంటే అక్కడున్నవాళ్ళు దిగుతారా సార్? మా తమ్ముడు వస్తాడా?"

"అది నా కాగితాల్లో లేదమ్మా" అన్నాడు ఆఫీసరు. "నాకు ఎక్కించాల్సిన లెక్కే ఇచ్చారు, దించాల్సింది ఇవ్వలేదు."

మాస్టారు అప్పటికి వీధిలో పరుగెడుతున్నారు. బస్సు దొరికింది గానీ ఐదు దాటి ముప్పావుగంట అయింది. రికార్డు ఆఫీసు తలుపుకి తాళం. కిటికీ అద్దంలోంచి చూస్తే ఖాళీ కుర్చీ, మూసిన రిజిస్టరు. కాపలావాణ్ణి బతిమాలారు, పత్రం చూపించారు, సంతకం నిన్నటిదే చూడు అన్నారు. రేపు తీసుకుంటారా అని అడిగితే, గడువు ఐదింటివరకే అని వాడు మర్యాదగానే చెప్పాడు. మాస్టారు పత్రాన్ని మళ్ళీ జేబులో పెట్టుకున్నారు. వాడి మాట నిజమేనని ఆయనకి తెలుసు.

ఇంటికొచ్చేసరికి భార్య బల్ల దగ్గర కూర్చుని ఉంది. బస్ స్టేషన్‌లో అందరూ చెప్పుకుంటుంటే విన్న ఓటింగు కబురు తప్ప ఆవిడకి ఇంకేమీ తెలియదు. సంతోషంగా ఏదో చెప్పబోయి ఆయన మొహం చూసి ఆగింది. ఆయన నోరు విప్పేలోపు మెట్ల మీద బూట్ల చప్పుడైంది. కొడుకు రొప్పుతూ లోపలికి వచ్చాడు.

"శుక్రవారం ప్రయాణం. ఇప్పుడే చెప్పారు" అన్నాడు వాడు. తల్లి చెయ్యి నోటికి అడ్డంపెట్టుకుంది. వాడు మాత్రం తండ్రినే చూస్తున్నాడు.

"రికార్డు ఆఫీసు ఎదురుగా ఉన్న వరండాలో ఐదింటిదాకా కూర్చున్నాను నాన్నా. గేటు చప్పుడైనప్పుడల్లా నువ్వే అనుకున్నాను. ఓటింగులో ఏం తేలినా మా ఆరువందల మందికీ దానితో సంబంధం లేదని నీకు తెలియకుండా ఉంటుందా? నువ్వు అన్నీ కనిపెడతావు. వచ్చి తీరతావనుకున్నాను. నిన్ను ఏమని తిట్టాలో కూడా అనుకుని పెట్టుకున్నాను." వాడు ఒక అడుగు ముందుకి వేశాడు. "నువ్వు రాలేదు. నా మాట నమ్మావు."

మాస్టారు వాడి కళ్ళల్లోకి చూశారు. ఇన్నేళ్ళలో వాడు ఆయన్ని అలా ఎప్పుడూ చూడలేదు. నమ్మింది నిన్ను కాదురా, రేడియోని అని చెప్పొచ్చు. రెండు రోజుల్లో వెళ్ళిపోయే పిల్లవాడికి ఆ మాట ఎలా చెప్పాలి?

"నమ్మావు కదా?" అన్నాడు కొడుకు మళ్ళీ.

"నమ్మాను" అన్నారు మాస్టారు.

వాడు ఆయన్ని గట్టిగా వాటేసుకున్నాడు. భర్త చొక్కా జేబులో మడత నలిగిపోయి ఉన్న పత్రం అంచు చూసి ఆవిడకి అంతా అర్థమైంది. ఓటింగుదాకా ఆగమన్నది తనే. లేచి వంటింట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.